రెండేండ్ల కళాశాలలు - విజ్ఞానశాస్త్ర విద్య

అమెరికా సంయుక్తరాష్ట్రములలో కమ్యూనిటీ కళాశాలలు సుమారు వేయి కలవు. 1901లో ఇల్లినాయి రాష్ట్రమున జోలియెట్ పట్టణమందు వెలసిన జూనియరు కళాశాల వీనికి మూలము. వీనిని మన ఇంటర్మీడియేటు కళాశాలలతో పోల్చరాదు. డిగ్రీలోని మొదటి రెండేండ్ల చదువును స్వల్పవ్యయముతో విద్యార్థి యున్నచోటనే చెప్పుట వీని పని. పగలు పనికిపోయి రాత్రి చదువువారు, బిడ్డల తల్లులు, వలసవచ్చినవారి సంతానము ఇచట విశేషముగా చేరుదురు. విజ్ఞానశాస్త్రములందు నేటికిని అరుదుగా కనుపించు వర్గములవారిని వెదుకవలసిన చోటిదియే.

వీరు విశ్వవిద్యాలయమునకు పోవునప్పుడేమగుచున్నది? 2004 మొదలు 2009 వరకు కళాశాల మారిన విద్యార్థులు గడించిన క్రెడిట్లలో నూటికి 43 పోగొట్టుకొనిరని, ఆ దేశపు కాంగ్రెసు తరపున లెక్కలు తనిఖీచేయు ప్రభుత్వసంస్థ 2017లో అంచనా వేసినది. ఇందు అన్నిరకముల కళాశాలలవారును కలరు. విజ్ఞానశాస్త్రమున ఈ నష్టము మరింత బాధాకరము. సాధారణ రసాయనము ముగియక కర్బన రసాయనము చదువ వీలులేదు. కలన గణితము రాక భౌతికశాస్త్రము సాగదు. ఒక్క పాఠము మరల చదువవలసివచ్చినచో ఏడాది గడచిపోవచ్చును. విశ్వవిద్యాలయము ఆ పాఠమును బొత్తిగా త్రోసివేయదు సుమా! 'ఐచ్ఛికము' అను పద్దున వ్రాసికొనును. కాగితముపై క్రెడిటుండును, కోరిన డిగ్రీకి మాత్రమది చెల్లదు. ఇది మర్యాదతోగూడిన తిరస్కారమని మేము తలంచుచున్నాము.

రెండేండ్ల కళాశాల మందబుద్ధులకని యెవరైన తలంతురేని, ఐలీన్ కాలిన్సును స్మరింతురుగాక. ఆమె 1976లో కార్నింగ్ కమ్యూనిటీ కళాశాలలో చదువు ముగించి, 1978లో సిరాక్యూస్ విశ్వవిద్యాలయమున పట్టము పొంది, 1999లో కొలంబియా వ్యోమనౌకకు నాయకత్వము వహించినది. అంతకుముందు ఏ స్త్రీయు అట్టి నౌకకు నాయకురాలు కాలేదు.

ఫ్లారిడాలో వెలెన్సియా కళాశాలయు సెంట్రల్ ఫ్లారిడా విశ్వవిద్యాలయమును 2006లో ఒక ఏర్పాటు గావించుకొన్నవి. ఆ కళాశాలలో రెండేండ్ల పట్టము పొందినవారికి విశ్వవిద్యాలయ ప్రవేశము హామీగా నొసగబడెను. ఇది మెచ్చదగినదే. కాని ద్వారము తెరచుట వేరు, ప్రయోగశాలలో స్థానమిచ్చుట వేరు. విశ్వవిద్యాలయ ప్రయోగశాల వేసవిలో ఈ విద్యార్థులకు తెరువబడవలెను. అదియు భృతితో తెరువబడవలెను. వేసవి కూలి మానుకొని ఉచితముగా పరిశోధన నేర్వగలవాడు బీదవాడగునా? ఉభయసంస్థల యధ్యాపకులును ఒకచోట కూర్చుండి, ఏ పాఠము ఏ డిగ్రీకి చెల్లునో నిర్ణయించి, ఆ పట్టికను విద్యార్థి కళాశాలలో చేరిన మొదటి దినముననే వాని చేతికీయవలెను.