హైవే పక్కన వర్సిటీ.. ట్రాఫిక్ బాధ్యత ఎవరిది?

విక్రమ సింహపురి విశ్వవిద్యాలయం 2008లో ఏర్పాటైంది. నెల్లూరు నుంచి గూడూరు వెళ్లే దారిలో, వెంకటాచలం మండలం కాకుటూరు వద్ద 16వ నంబరు జాతీయ రహదారి పక్కనే దీని ప్రాంగణం ఉంది. సరకు లారీలు, చెన్నై బస్సులు, ఊళ్ల ఆటోలు, విద్యార్థుల బైకులు.. అన్నీ తిరిగేది ఈ రోడ్డుమీదే. ఇలాంటి చోట ప్రమాదం జరిగితే మొదట వినిపించే మాట ఒకటే: ‘పోలీసులకు చలానాలు రాయడమే పనా?’ ఆ కోపంలో న్యాయం లేకపోలేదు. కానీ అన్నీ పోలీసుల చేతిలో ఉండవు.

ఎవరి పని ఏది?

డివైడర్, యూటర్న్, లైట్లు, హెచ్చరిక బోర్డులు, సర్వీసు రోడ్డు: జాతీయ రహదారుల సంస్థ (ఎన్‌హెచ్‌ఏఐ), దాని తరఫున రోడ్డు నిర్వహించే టోల్ సంస్థ చూడాలి.

అతివేగం, రాంగ్ రూట్, హెల్మెట్ తనిఖీ: పోలీసులు, రవాణా శాఖ.

బస్సు ఎక్కడ ఆగాలి: ఆర్టీసీ.

జరిమానాతో ఆగుతుందా?

2019 సవరణ చట్టం ప్రకారం హెల్మెట్ లేకుంటే రూ.1,000, ప్రమాదకర డ్రైవింగ్‌కు మొదటిసారి రూ.1,000 నుంచి రూ.5,000 వరకు జరిమానా. జైలుశిక్షకూ వీలుంది. అయితే యూటర్న్ దూరంగా ఉన్నచోట, చలానా రాసిన మర్నాడే మళ్లీ రాంగ్ రూట్ మొదలవుతుంది. గంటకు 80 కిలోమీటర్ల వేగంతో వచ్చే వాహనం సెకనుకు 22 మీటర్లు దాటుతుంది. డ్రైవర్ బ్రేకు మీద కాలు వేసేలోపే ప్రమాదం జరిగిపోవచ్చు. అందుకే తనిఖీలతో పాటు రోడ్డు డిజైన్ కూడా మారాలి.

అదే చట్టంలోని 198ఎ సెక్షన్ ఇందుకోసమే. భద్రతా ప్రమాణాలు పాటించకపోవడం వల్ల ఎవరైనా చనిపోయినా, వైకల్యం పాలైనా రోడ్డు డిజైన్, నిర్మాణం, నిర్వహణ చూసే సంస్థకు రూ.లక్ష వరకు జరిమానా వేయొచ్చు.

ఎక్కడ అడగాలి?

హైవే సమస్యలకు, ప్రమాద సాయానికి 1033. అత్యవసరమైతే 112. శాశ్వత పరిష్కారం కావాలంటే కలెక్టరేట్‌లో సోమవారం జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో అర్జీ ఇచ్చి, జిల్లా రోడ్డు భద్రతా కమిటీ ముందు పెట్టాలని కోరండి. కమిటీకి కలెక్టరే అధ్యక్షులు.

‘ట్రాఫిక్ బాగోలేదు’ అని రాస్తే అర్జీ ఒక శాఖ నుంచి మరో శాఖకు తిరుగుతూనే ఉంటుంది. కిలోమీటరు రాయి నంబరు, సమయం, ఫొటో, కావాల్సిన పని రాస్తే ఏ శాఖ జవాబు చెప్పాలో అక్కడే తేలిపోతుంది.