ఆకాశయానమున కనికట్టు

పడవలో సాగిపోవువానికి ఒడ్డునందలి చెట్లు వెనుకకు పరుగెత్తుచున్నట్లు తోచును. క్రీ.శ. 499 ప్రాంతమున ఆర్యభటుడు తన 'ఆర్యభటీయము'లో ఈ సామాన్యానుభవమునే ఉపమానముగా గ్రహించి, నక్షత్రములు పడమటికి పోవుచున్నట్లు కనబడుటయు ఇట్టిదే యని చెప్పెను. తిరుగునది భూమి, ఆ తిరుగుటను నక్షత్రముల కంటగట్టునది మన కన్ను.

నేడు మానవుడు పడవను విడిచి విమాన మెక్కినాడు. భ్రాంతి మాత్రము అతనిని విడువలేదు. గంటకు సుమారు 250 కిలోమీటర్ల వేగముతో విమానము నేలను విడుచునపుడు కిటికీ ప్రక్కనున్నవానికి కన్నులు చెదరును. పది కిలోమీటర్ల ఎత్తున అదే విమానము 900 కిలోమీటర్ల వేగముతో పోవుచుండగా, నిలిచియున్నదా యని సందేహము కలుగును. దగ్గరి వస్తువు చూపును చప్పున దాటిపోవును; దూరపు వస్తువు మెల్లగా జరుగును. కన్ను వేగమును నేరుగా కొలువలేదు.

ఇంకొక వింత కలదు. విమానము సరియైన తీరున ఒరగి మలుపు తిరుగునపుడు మన దేహము ప్రక్కకు జారదు, కుర్చీకే అదుముకొనును. గ్లాసులోని నీరు సైతము ఒక వైపునకు ఒరగదు. అందుచే మనము నిటారుగా నున్నట్లును, క్రిందనున్న భూమియే ఒరగినట్లును కనబడును.

ప్రయాణికునకిది వినోదము, చోదకునకు ప్రాణసంకటము. పగటివేళ నింగియు నేలయు కలియు రేఖ అతనికి ఆధారము. చీకటిలో, సముద్రముపైని, ఆ రేఖ కనబడదు. 1978 జనవరి 1వ తేదీ రాత్రి బొంబాయినుండి దుబాయికి బయలుదేరిన ఎయిర్ ఇండియా విమానము 'ఎంపరర్ అశోక' రెండు నిమిషములు గడువకముందే అరేబియా సముద్రమున కూలినది. అందలి 213 మందియు మరణించిరి. విమానపు ఒరుగును చూపు పరికరము కెప్టెనుగారి యెదుట చెడినదనియు, విమానము కుడికి ఒరగియున్నదని భ్రమించి ఆయన దానిని ఎడమకు ఒరగించుచు పోయెననియు విచారణలో తేలినది. ఆ తప్పును పట్టియిచ్చుటకు బయట ఒక్క రేఖయైనను కంటికి కనబడలేదు.

కావుననే చోదకులకు శిక్షణలో ముఖ్యముగా నేర్పునది యిది: దేహము చెప్పినదానిని నమ్మవలదు, ఒక్క పరికరమునే నమ్మియు కూర్చుండవలదు, ఒకదానితో నొకటి సరిచూడవలెను.

ఈ పాఠము మన పిల్లలకు కొత్తది కాదు. స్టేషనులో ప్రక్క రైలు కదలగా మన రైలే కదలినట్లు తోచినపుడు, తెలివిగల పిల్లవాడు వెంటనే రెండవవైపు తిరిగి ప్లాట్‌ఫారముమీది స్తంభమును చూచును. ఉపాధ్యాయులు తరగతిలో అలవరుపవలసినది ఆ రెండవ చూపునే.