శత్రుబలము: లెక్కల చిక్కు

కళ్ళములోని కుప్పను చూచి యిది యిన్ని పుట్లని చెప్పగల రైతులు మండపేట ప్రాంతమున నేటికిని కలరు. వారి యంచనా నూర్పిడినాటికి తప్పినను అంతగా తప్పదు. శత్రుసైన్యమును లెక్కించుట మాత్రము వేఱు. కుప్ప తన్ను తాను దాచుకొనదు గదా!

1942 ఏప్రిల్ 6వ తేదీన జపాను విమానములు విశాఖపట్టణముపైనను కాకినాడపైనను బాంబులు వైచెను. కాకినాడ మండపేటకు 20 మైళ్ళకు కొంచెము పైగా నున్నది. కొలదిదినములలోనే శత్రునౌకలు తీరమునకు వచ్చుచున్నవను వార్తను నమ్మి చెన్నపట్టణమునుండి ప్రభుత్వ కార్యాలయములను లోపలి జిల్లాలకు తరలించిరి. 1939లో మనలను యుద్ధమున దింపునపుడు మన సమ్మతి నడుగ తీరిక లేకపోయిన ప్రభుత్వమునకు, కదలుటకు మాత్రము తీరిక చిక్కినది.

ఈ భయమునకు మూలము సింగపూరు. ఆ యేటి ఫిబ్రవరి 15న అది పడిపోయెను. శత్రువు తనకన్న అధికబలముతో నున్నాడని పర్సివల్ సేనాని తలచెను. నిజమునకు యమషితా సేన 30 వేలు మొదలు 36 వేలవఱకు మాత్రమే. లొంగిపోయినవారు 80 వేలకు పైబడిరి.

మఱి సరియైన లెక్క యెట్లు? మొదట జనసంఖ్య. 1940లో జపాను ద్వీపములలో 7 కోట్ల 30 లక్షల చిల్లర జనముండిరి. అందు స్త్రీలను, బాలురను, వృద్ధులను తీసివేయవలెను. మిగిలినవారిలోను గనులకు, యంత్రశాలలకు, వరిపొలములకు కావలసినవారు కలరు. ఊడ్పులవేళ కూలీలందఱు వేఱుపనికి పోయినచో నేమగునో వ్యవసాయము చేయించు మన పాఠకులకు చెప్ప బనిలేదు. అయినను 1945 ఆగస్టునాటికి జపాను సైన్యమునందును నౌకాదళమునందును కలిపి సుమారు 70 లక్షలమంది యుండిరి.

మొత్తము తెలిసినంతనే చాలదు. ఆ సేన యెచ్చట చిక్కుపడియున్నది? మాకు ముఖ్యముగా తోచు ప్రశ్న యిదియే. 1941 డిసెంబరున జపానుకు గల 51 డివిజనులలో దక్షిణదిక్కునకు కదలినవి 11 మాత్రమే. తక్కినవానిలో అధికభాగము చీనాలోను మంచూరియాలోను నిలిచిపోయెను. సింహళముపై దిగవలెనని నౌకాధిపతులు కోరినపుడు, అందుకు పంపదగిన సేన లేదని పదాతిసేనాధిపతులు నిరాకరించిరి. కాకినాడపై నెగిరిన విమానములు ర్యూజో అను నౌకనుండి లేచినవి. వాని వెంట తీరమున దిగదలచిన సేన లేదు. 1937 మొదలు చీనా ప్రజలు విడువక పోరుటయు మన తీరమునకు రక్షణయైనదని మా యభిప్రాయము.

చెన్నపట్టణమున ఆనాడు ఎవరును ఈ లెక్క వేసినట్లు కనబడదు. వారు నమ్మినది సముద్రముపై కనబడినవన్న ఓడలను. ఆ ఓడలైనను అచ్చట లేవు.