శత్రువుకు దొరకని గంతుల రేడియో

కర్నూలు: ఓర్వకల్లు వద్ద రక్షణ పరిశోధన సంస్థ డి.ఆర్.డి.ఓ. వారి ప్రయోగ క్షేత్రం వుంది. 2025 ఏప్రిల్ 13న అక్కడ 30 కిలోవాట్ల లేజరు కిరణంతో ఎగిరే డ్రోన్లను కూల్చి చూపారు. డ్రోనుకు ఆజ్ఞలు అందేది రేడియోలోనే కదా, ఆ రేడియోను రొదతో చెడగొడితే చాలదా, లేజరు దేనికి అన్న సందేహం పాఠకులకు రావచ్చు. చాలదు. ముందే నేర్పిన దారిన, రేడియోతో పనిలేకుండా పోయే డ్రోన్లున్నాయి. రేడియోతో నడిచేవాటిలోనూ గంతులేసే రేడియో వున్నవి సులభంగా లొంగవు.

1963లో మొదలైన కడప ఆకాశవాణిని మీడియం వేవ్‌లో 900 కిలోహెర్ట్‌జ్ దగ్గర ముల్లు పెట్టి విన్నవారు మన పల్లెల్లో ఎందరో. కేంద్రం ఒకేచోట వుండడం శ్రోతలకు సుఖం. యుద్ధంలో అదే చిక్కు. శత్రువు కూడా అక్కడే ముల్లు పెట్టి రొద చేస్తాడు. దీన్నే జామింగ్ అంటారు.

గంతుల రేడియో ఒకచోట నిలవదు. సెకనుకు వందలసార్లు స్థానం మారుస్తుంది. పంపే యంత్రంలోనూ, అందుకొనే యంత్రంలోనూ ఒకే రహస్య వరుస, ఒకే వేళ చూపే గడియారం వుంటాయి. మాటను అంకెలుగా మార్చి ముక్కలుగా పంపుతారు. రొదలో కొన్ని ముక్కలు పోయినా, వెంట పంపిన అదనపు అంకెలతో పూరించుకుంటారు. ఒక దారిలో కాచుకున్న దొంగకు రోజుకో దారిన పోయే గొర్రెలమంద దొరకనట్టే.

యీ ఉపాయానికి పేరు తెచ్చినవారిలో ఒక సినిమా తార వుందంటే నమ్మబుద్ధి కాదు. హాలీవుడ్ నటి హెడీ లమార్, సంగీతకారుడు జార్జి ఆంథీల్ కలిసి, నీటిలో పోయే టార్పెడోను నడిపేందుకు 1942లో అమెరికాలో పేటెంటు పొందారు. పియానో మెట్లు 88, వారు చెప్పిన రేడియో స్థానాలూ 88. చిల్లులు పొడిచిన కాగితపు చుట్టలు ఓడలోనూ టార్పెడోలోనూ ఒకే వేగంతో తిరగాలన్నారు. ఆ యుద్ధంలో నౌకాదళం దాన్ని వాడలేదు. నేడు సెల్‌ఫోను పాటను తీగ లేకుండా చెవికి చేర్చే బ్లూటూత్, 79 స్థానాల మధ్య సెకనుకు 1600 సార్లు గంతులేస్తుంది.

అలాగని దీనికి ఓటమే లేదనుకోరాదు. జామరు దగ్గరగా వుండి, అన్ని స్థానాలనూ ఒకేసారి కప్పితే గంతులూ సాగవు. అందుకు చాలా శక్తి కావాలి. అంత గట్టిగా అరిచే యంత్రం తన చోటును తానే బయటపెట్టుకుంటుంది.

మందు కొట్టే డ్రోన్లు మన శనగ, మిరప చేలమీదికీ వచ్చాయి. బాడుగకు పిలిచే రైతులు, మధ్యలో రేడియో సంకేతం తెగితే అది గాలిలో నిలుస్తుందా, బయలుదేరిన చోటికి వస్తుందా, మందు ట్యాంకుతో పక్కవారి చేలో దిగుతుందా అని ముందే అడగడం మంచిది.