బాల్ పైథానుకు కొమ్మ అవసరమా?

అమెరికాలో ఇండ్లలో పెంచుకొనే పాములలో బాల్ పైథాన్ ఒకటి. భయపడినప్పుడు బంతివలె చుట్టుకొంటుంది గనుక దానికా పేరు. పశ్చిమ, మధ్య ఆఫ్రికాలకు చెందిన ఈ కొండచిలువ పగలు బొరియలలోను, చెదపుట్టలలోను దాగి ఉంటుంది. అందువలన దానికి నేల ఒక్కటే చాలునని పలువురి అభిప్రాయం. అయితే ఆగ్నేయ నైజీరియా అడవులలో జరిగి 1998లో ప్రకటితమైన పరిశోధన వేరు విధంగా చెప్పింది: 70 సెంటీమీటర్లకు లోబడిన పాముల ఆహారం దాదాపు పూర్తిగా పక్షులే, మగపాములు ఆడవాటికంటె అధికంగా చెట్లెక్కుతాయి.

కావున పెట్టెలో ఒక కొమ్మ ఉండుట మేలు. ఎక్కడం వలన కండరాలకు పని కలుగుతుంది. కొమ్మ పాము శరీరమంత లావుగా ఉండాలి. ఈ పాము బరువైనది, పడితే గాయపడవచ్చు. కనుక కొమ్మను తక్కువ ఎత్తులో, కదలకుండా బిగించాలి. వేడి దీపానికి జాలీ తప్పనిసరి. లేనిచో చర్మం కాలుతుంది. నేలపైనున్న దాగుచోటును మాత్రం తొలగించరాదు. ఎక్కడమో, దాగడమో, ఎంపిక పాముకే వదలాలి.