రాత్రిపూట మాట్లాడుకున్న కంప్యూటర్లు

1980 ప్రాంతంలో అమెరికాలో దూరపు ఊళ్లకు ఫోన్ చేయాలంటే పగలు ఒక రేటు, రాత్రి ఒక రేటు. రాత్రి పొద్దుపోయాక చాలా చవక. అందుకే యూనివర్సిటీల్లో మనుషులంతా ఇళ్లకు వెళ్లి నిద్రపోయాక, మెషీన్ గదిలోని కంప్యూటర్ తనంతట తానే ఇంకో ఊరి కంప్యూటర్‌కి ఫోన్ కలిపేది. అవతలిది ఎత్తగానే పగలంతా పోగైన జాబుల్ని అప్పజెప్పి, అక్కడ పోగైనవి తాను తెచ్చుకునేది. తొలి రోజుల్లో మోడెమ్ వేగం సెకనుకు 300 బిట్లు, అంటే సుమారు 30 అక్షరాలు. రెండు వేల అక్షరాల ఉత్తరం ఒకటి అవతలికి చేరేసరికి నిమిషం దాటేది. తెల్లవారి వచ్చి టెర్మినల్ ముందు కూర్చున్నవాళ్లకు ఎక్కడెక్కడి కబుర్లో సిద్ధంగా ఉండేవి.

ఈ ఏర్పాటు పేరు యూజ్‌నెట్. ఫేస్‌బుక్ పుట్టడానికి పాతికేళ్ల ముందే పుట్టి, ప్రపంచం నలుమూలల మనుషుల్ని ఒకచోట చేర్చి మాట్లాడించిన యంత్రం ఇది. దీనికి యజమాని లేడు, హెడ్డాఫీసు లేదు, ఆపేయడానికి ఒక స్విచ్ కూడా లేదు. సోషల్ మీడియా అంటే ఒక కంపెనీ నడిపేదే అనే అలవాటులో పడిపోయిన మనకు ఈ కథ తెలియాలి.

1979లో నార్త్ కరోలినాలోని డ్యూక్ యూనివర్సిటీలో చదువుకుంటున్న టామ్ ట్రస్కాట్, జిమ్ ఎల్లిస్ అనే ఇద్దరికి ఈ ఆలోచన వచ్చింది. అప్పటికే ఆర్పానెట్ అనే కంప్యూటర్ల నెట్‌వర్క్ ఉంది కానీ, అందులో చోటు దొరకాలంటే అమెరికా రక్షణశాఖ పరిశోధనలతో సంబంధం ఉండాలి. ఆ భాగ్యం లేని యూనివర్సిటీలు ఏం చేయాలి? వాళ్ల దగ్గర యూనిక్స్ అనే ఆపరేటింగ్ సిస్టం ఉంది. ఫోన్ లైన్ మీద ఫైళ్లు పంపే యూయూసీపీ అనే ప్రోగ్రామ్ ఆ ఏడాది యూనిక్స్‌తోపాటే వచ్చింది. పక్కనే చాపెల్ హిల్‌లో ఉన్న యూనివర్సిటీ విద్యార్థి స్టీవ్ బెలోవిన్ తొలి రూపాన్ని ఒక షెల్ స్క్రిప్టుగా రాశారు. దాన్ని స్టీఫెన్ డేనియల్ సీ భాషలో తిరగరాశారు. 1980 జనవరిలో బౌల్డర్‌లో జరిగిన యూనిక్స్ వాడకందార్ల సభలో అందరికీ చెప్పారు. రోజుకు ఒకటో రెండో జాబులు వస్తాయేమోనని వాళ్ల అంచనా.

దీని పనితీరు కాస్త దగ్గరగా చూడాలి, ఎందుకంటే దీని గొప్పంతా అందులోనే ఉంది. నేనొక జాబు రాశాననుకోండి. అది మా యూనివర్సిటీ కంప్యూటర్లో చేరుతుంది. దానికి ఒక గుర్తింపు సంఖ్య పడుతుంది. ప్రపంచంలో మరే జాబుకూ ఆ సంఖ్య ఉండదు. మా కంప్యూటర్ పొరుగు కంప్యూటర్‌ని పలకరించి, ఫలానా సంఖ్య జాబు నా దగ్గరుంది, కావాలా అని అడుగుతుంది. 1986లో బ్రయన్ కాంటర్, ఫిల్ లాప్స్‌లీ రాసిన నియమావళి ప్రకారం అవతలిది 335 అని జవాబిస్తే పంపు అని అర్థం. 435 అంటే అక్కర్లేదు, అది ఇంకో దారిలో ముందే వచ్చేసింది. జాబు తీసుకున్న ప్రతి కంప్యూటరూ దాని నెత్తిన ఉన్న దారి వరసలో తన పేరు చేర్చి, ఆశ్చర్యార్థకం పెట్టి, తన పొరుగువాళ్లకు చూపిస్తుంది. పెళ్లి కబురు ఊళ్లో పాకినట్టు జాబు పాకిపోతుంది. చివరికి అసలు ప్రతి ఎక్కడుందంటే చెప్పలేం. వేల సర్వర్లలో వేల నకళ్లు, అన్నీ సమానమే. ఒకటి చెడిపోతే మిగతావాటికి తెలియను కూడా తెలియదు.

చదివే సాధనం కూడా ఎవరి సొత్తూ కాదు. నియమావళి బహిరంగం కాబట్టి ఎవరికి తోచిన రీడర్‌ను వాళ్లు రాసుకోవచ్చు. తర్వాత పెర్ల్ భాషను సృష్టించిన లారీ వాల్ 1984లో ‘ఆర్ఎన్’ అనే రీడర్ రాశారు. అందులో కిల్ ఫైల్ అని ఒకటుండేది. ఫలానా మనిషి రాతలు, ఫలానా విషయం నాకు చూపించకు అని అందులో రాసి పెడితే అవి మీ కంటపడవు. మీకు మాత్రమే కనపడవు, మిగతా లోకం చదువుకుంటుంది. ఏది చూడాలో, ఏది చూడకూడదో తేల్చుకునే అధికారం చదివేవాడి చేతిలో ఉండేది. నేడు ఆ పని కంపెనీ అల్గారిథమ్ చేస్తోంది, మనల్ని ఎంతసేపు కూర్చోబెట్టగలనన్న లెక్కతో. ఈ ఒక్క తేడా చాలు, ఆ పాత యంత్రాన్ని గౌరవించడానికి. 2023 జనవరిలో ట్విట్టర్ బయటివాళ్లు తయారుచేసిన యాప్‌లను నిషేధించింది. అదే ఏడాది రెడిట్ కొత్త రుసుములు పెట్టేసరికి అపోలో వంటి పేరున్న యాప్‌లు జూన్ ఆఖరుకు మూతపడ్డాయి. లారీ వాల్ రీడర్‌ను అలా మూయించగల మనిషి యూజ్‌నెట్‌లో లేడు.

పెత్తనం చేయబోయినవాళ్లు లేరని కాదు. యూజ్‌నెట్‌లో జాబులు విషయాల వారీగా గుంపుల్లో ఉండేవి. ఎనభైల నడుమ పెద్ద సర్వర్లు నడిపే కొద్దిమంది, ఏ గుంపు ఉండాలో ఏది వద్దో నిర్ణయించేవారు. 1987లో గుంపుల పేర్లన్నీ మార్చేశారు. బ్రయన్ రీడ్ అనే ఆయన నడిపే వంటల గుంపు పేరూ మారింది, ఆయనకు నచ్చలేదు. జాన్ గిల్మోర్ అనే మరొకాయన అడిగిన గుంపును ఒప్పుకోలేదు. వీళ్లిద్దరూ, గోర్డన్ మొఫెట్ అనే మిత్రుడూ కలిసి, తమ కంప్యూటర్ల మధ్య ‘ఆల్ట్’ అనే కొత్త శాఖ మొదలుపెట్టారు. ఎవరి అనుమతీ అక్కర్లేకపోయింది. ఇష్టమైన సర్వర్లు తీసుకున్నాయి, ఇష్టం లేనివి మానేశాయి. పాత ఇల్లు ఖాళీ చేయకుండానే పక్కన కొత్త గది వేసుకోగలగడం, అదీ ఆ ఏర్పాటు ఇచ్చిన స్వేచ్ఛ.

ఆ ఏర్పాటు ఎంత దూరం పనికొచ్చిందో 1991 ఆగస్టు చెబుతుంది. ఆ నెల 6న, ‘ఆల్ట్’ శాఖలోని హైపర్‌టెక్స్ట్ గుంపులో జెనీవా దగ్గరి సెర్న్ పరిశోధనా సంస్థ నుంచి టిమ్ బెర్నర్స్-లీ ఒక జాబు పెట్టారు. తాను చేస్తున్న వరల్డ్ వైడ్ వెబ్ అనే పని గురించి బయటి లోకానికి చెప్పిన జాబు అది. 25న హెల్సింకీ విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్ మినిక్స్ అనే ఆపరేటింగ్ సిస్టం గుంపులో, సరదాకు ఒక ఆపరేటింగ్ సిస్టం రాస్తున్నానని, అది పెద్దదేమీ కాదని రాశారు. లినక్స్ అలా లోకానికి తెలిసింది. ఈ రెండు తేదీల మధ్యే, 19న మాస్కోలో సోవియట్ నేత గోర్బచేవ్ మీద కుట్ర జరిగింది. వీధుల్లోకి ట్యాంకులు వచ్చాయి, టీవీలో మళ్లీ మళ్లీ స్వాన్ లేక్ నృత్యమే. కుర్చతోవ్ సంస్థ దగ్గర పుట్టిన రెల్‌కామ్ అనే నెట్‌వర్క్ మాత్రం నడుస్తూనే ఉంది. దాన్ని నడిపే ప్రోగ్రామర్లు ఇతర నగరాల చందాదారులకు, కిటికీలోంచి చూడండి, ఏం కనిపిస్తే అది రాయండి అని కబురు పెట్టారు. ఆ జాబులు ఫిన్లాండ్ ఫోన్ లైను మీదుగా యూజ్‌నెట్‌లోకి వచ్చి లోకమంతా పాకాయి. టీవీ కేంద్రాన్ని పట్టుకుంటే చాలని కుట్రదారులు అనుకున్నారు. ఈ నెట్‌వర్క్‌లో పట్టుకోవడానికి అలాంటి కేంద్రం లేదు. మూడు రోజుల్లో కుట్ర విఫలమైంది. దానికి ఈ జాబులే కారణమనలేం కానీ, ఆ మూడు రోజులూ నిజం బయటికి వచ్చిన దారుల్లో ఇదొకటి.

తొంభైల్లో మనవాళ్లకూ అక్కడ ఒక చావడి ఉండేది. భారత సంస్కృతి శాఖ కింద తెలుగు గుంపు ఒకటి, ముద్దుగా ‘స్కిట్’ అనేవారు. తెరమీద తెలుగు అక్షరం లేని రోజులవి. రైస్ యూనివర్సిటీలో తయారైన ఆర్‌టీఎస్ పద్ధతిలో ఇంగ్లీషు అక్షరాలతోనే తెలుగు రాసుకునేవారు. చిన్న ‘టీ’ కొడితే త, పెద్ద ‘టీ’ కొడితే ట. అమెరికాకు చదువుకు వెళ్లిన కుర్రవాళ్లు రాత్రి ల్యాబులో కూర్చుని అలా తెలుగులో వాదించుకున్నారు.

ఇంత మంచి యంత్రం ఎందుకు చిక్కిపోయింది? ఒకటి, ఎవరైనా రాయవచ్చన్న నమ్మకాన్ని వాడుకున్నవాళ్లు వచ్చారు. 1994 ఏప్రిల్‌లో కాంటర్, సీగల్ అనే లాయర్ దంపతులు గ్రీన్‌కార్డ్ లాటరీ ప్రకటనను వేల గుంపుల్లో గుమ్మరించారు. దాన్ని అడ్డుకునే గట్టి ఏర్పాటు అక్కడ లేదు. రెండు, 1993 సెప్టెంబర్ నుంచి కొత్త జనం వరదలా వచ్చారు, పద్ధతులు నేర్పే తీరిక పాతవాళ్లకు లేకపోయింది. బొమ్మలు, సినిమా ఫైళ్ల బరువుతో సర్వర్ల ఖర్చు పెరిగింది. ఈ లోపాల్ని దాచిపెట్టి పొగడటం నాకిష్టం లేదు. చెత్త ఊడ్చే మనిషికి జీతం ఎవరిస్తారన్న ప్రశ్నకు యూజ్‌నెట్ జవాబు చెప్పలేకపోయింది. కంపెనీలు చెప్పాయి, కానీ బదులుగా ఇంటి తాళం తీసుకున్నాయి.

ఆ తాళం తీసుకున్న ఫలితం మనకూ తెలుసు. మన కుర్రకారు ఒకప్పుడు వాలిపోయిన ఆర్కుట్‌ను గూగుల్ 2014 సెప్టెంబర్ 30న మూసేసింది. తెలుగు సాహిత్య ప్రియులు ఏళ్లతరబడి చర్చించుకున్న ‘రచ్చబండ’ యాహూ గ్రూప్స్‌లో ఉండేది. యాహూ ఆ సేవను 2020 డిసెంబర్‌లో ఎత్తేసింది. ఇటు యూజ్‌నెట్ చూడండి. టొరాంటో యూనివర్సిటీ జంతుశాస్త్ర విభాగంలో హెన్రీ స్పెన్సర్ 1981 నుంచి పదేళ్లపాటు జాబుల్ని టేపుల మీదకు ఎక్కించి ఉంచారు. ఆ 141 టేపుల నుంచి ఇరవై లక్షల దాకా జాబులు తిరిగి వెలుగు చూశాయి. ఎవరూ ఆయన్ని అడగలేదు, ఆయనా ఎవరినీ అడగనక్కర్లేకపోయింది. నకలు దాచుకోవడం ప్రతి ఒక్కరి హక్కు.

ఆ ఆలోచనే నేడు కొత్త బట్టలు కట్టుకుని తిరిగొచ్చింది. జర్మనీలో ఓయ్‌గెన్ రోచ్కో 2016లో మాస్టొడాన్ అనే సోషల్ నెట్‌వర్క్ విడుదల చేశారు. వేర్వేరు సర్వర్లు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే యాక్టివిటీపబ్ నియమావళిని 2018 జనవరిలో వెబ్ ప్రమాణాల సంస్థ డబ్ల్యూ3సీ ఆమోదించింది. చర్చలకు లెమ్మీ వంటివి అదే పద్ధతిలో నడుస్తున్నాయి. ఇక్కడ ప్రతి సర్వర్‌కూ ఒక నిర్వాహకుడు, తన నియమాలు ఉంటాయి. చెత్త పంపే సర్వర్‌తో సంబంధం తెంచుకోవచ్చు. యూజ్‌నెట్ నేర్పిన పాఠం వాళ్లకు గుర్తుంది. మీ కాలేజీ వాళ్లో, మీ గ్రంథాలయం వాళ్లో, పది మంది స్నేహితులో కలిసి ఒక చిన్న సర్వర్ పెట్టుకోవచ్చు. అది పెద్ద ఖర్చు కాదు. ఒక్కసారి ప్రయత్నించండి.

యూజ్‌నెట్‌ను పుట్టించిన డ్యూక్ యూనివర్సిటీ తన సర్వర్‌ను 2010 మే 20న ఆపేసింది. యూజ్‌నెట్ గుంపులకు తన సైటులో దారి ఇచ్చిన గూగుల్ కూడా 2024 ఫిబ్రవరి 22న తప్పుకుంది. సీ భాష గుంపులో మాటలు ఆ మర్నాడూ సాగాయి.