యూరియా అంతా ఒకేసారి ఎందుకు వేయకూడదు?

వానాకాలం సాయంత్రాల్లో దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఎల్బీనగర్ దాకా రోడ్డు పక్కన బొగ్గుల మీద మక్క కంకులు కాలుతుంటాయి. ఈసారి కొనేటప్పుడు కంకి కొన చూడండి. కొన్నింటికి చివరిదాకా గింజ ఉంటుంది, కొన్నింటికి కొన బోసిగా ఉంటుంది. ఎందుకు?

నీరు చాలకపోయినా, పుప్పొడి సరిగా అందకపోయినా అలా జరుగుతుంది. మరో ముఖ్య కారణం నత్రజని కొరత. ఆకులో పత్రహరితం తయారవ్వాలంటే నత్రజని కావాలి. అది తగ్గితే గింజకు చేరే పిండిపదార్థమూ తగ్గుతుంది. అప్పుడు మొక్క ముదురు ఆకుల్లోని నత్రజనిని లాగి లేత ఆకులకు పంపుతుంది. అందుకే కింది ఆకులు కొన నుంచి నడి ఈనె వెంట పసుపుపచ్చగా మారతాయి. రైతు ముందు చూడాల్సింది అక్కడే.

మరి యూరియా అంతా విత్తేటప్పుడే వేస్తే? మొలకకు ఉన్నవి చిన్న వేర్లు, కొంచెమే తీసుకోగలదు. మిగిలిందాంట్లో కొంత అమ్మోనియాగా గాలిలో కలుస్తుంది, కొంత నైట్రేటుగా మారి వాననీటితో వేర్లకు అందనంత లోతుకు పోతుంది. మొక్క అసలు ఆకలి మోకాలెత్తు పెరిగాకే మొదలవుతుంది. కంకిలో ఎన్ని వరసలుండాలో దాదాపు ఆ రోజుల్లోనే ఖాయమవుతుంది. వరసకు ఎన్ని గింజలు నిలుస్తాయో పూత సమయంలో తేలుతుంది.

అందుకే తెలంగాణలో వానాకాలం మక్కకు ఎకరాకు 72–80 కిలోల నత్రజనిని మూడు భాగాలు చేసి విత్తేటప్పుడు, 30–35 రోజులకు, 50–55 రోజులకు వేయమని సిఫారసు చేస్తారు. 45 కిలోల యూరియా బస్తాలో ఉండే నత్రజని 21 కిలోల లోపే.

హద్దు దాటి వేస్తే దిగుబడి పెరగదు, డబ్బు మాత్రం పోతుంది. నేలలో మిగిలిన దాంట్లో కొంత నైట్రస్ ఆక్సైడుగా మారుతుంది. భూమిని వేడెక్కించడంలో ఆ వాయువు కార్బన్ డయాక్సైడు కంటే సుమారు 270 రెట్లు బలమైనది.